జపాను కొంబినీలో నాలుగు మాటలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో పెన్షను లెక్కలూ, కరువు భత్యం బకాయిలూ, లైఫ్ సర్టిఫికెట్ల గొడవలూ చెప్పేవారికి కొదవలేదు. కార్యదర్శిగారు నన్ను మాత్రం, "మీరు జపాను వెళ్ళి వచ్చారు గదా, మనబోటివాళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. ఫ్యూజీ పర్వతం గురించీ, బుల్లెట్ రైలు గురించీ పుస్తకాలలో దొరుకుతుంది. నేను సందు చివర కొట్టు గురించి చెబుతాను. పిల్లలు ఆఫీసులకు వెళ్ళిపోయాక పగలంతా మనకు మిగిలేది ఆ కొట్టే.

మన పిల్లలు ఒకప్పుడు అమెరికాయే వెళ్ళేవారు. ఇప్పుడు జపాను వెళ్ళేవారూ కనబడుతున్నారు. టోక్యోలో నిషి కసాయ్ అనే పేట ఉంది. అక్కడ మన దేశం వాళ్ళు చాలామంది ఉన్నారు, కందిపప్పూ చింతపండూ అమ్మే దుకాణాలున్నాయి. కాని పిల్లల ఇల్లు నిషి కసాయ్‌లోనే ఉండాలని లేదు గదా! మా అమ్మాయి పురుటికని నేనూ నా భార్యా వెళ్ళి మూడు నెలలు ఉన్నది మరో వైపున. అక్కడ మన మాట తెలిసిన మనిషి లేడు. ముప్పై అయిదేళ్ళు సర్కారు ఉద్యోగం చేసి, పదిమంది చేత పని చేయించిన మనిషి, పాలప్యాకెట్టు కావాలంటే అల్లుడు వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవలసి వస్తే మనసు చిన్నబోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కన్వీనియన్స్ స్టోరు అనే మాటను వాళ్ళు కుదించి 'కొంబిని' అంటారు. ఆ దేశంలో 50,000కు పైగా ఇలాంటి దుకాణాలున్నాయి. సెవెన్ ఇలెవెన్ వాళ్ళ మొదటి దుకాణం టోక్యోలోని తొయొసులో 1974లో తెరిచారు. లాసన్, ఫామిలీ మార్ట్ అనేవి తక్కిన రెండు పెద్ద సంస్థలు. చాలా కొట్లు రాత్రింబవళ్ళు తెరిచే ఉంటాయి. అన్నం, పాలు, పళ్ళు, గొడుగు, బాటరీ, తపాలా బిళ్ళ అన్నీ అక్కడే. మన ఏటీఎం కార్డుతో డబ్బు తీసుకోవచ్చు. జిరాక్సు తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో బరువైన పెట్టెలను రెండు మూడు రోజుల ముందు అక్కడ అప్పగిస్తే విమానాశ్రయానికి చేరుస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఇది గుర్తుపెట్టుకోండి.

భాష సంగతికి వద్దాం. జపాను భాష అనగానే బొమ్మల లిపి తలుచుకుని భయపడతాం. చదవడం కష్టమే. పలకడం మాత్రం తెలుగువాడికి సులువు. మన మాటల లాగే వాళ్ళ మాటలూ చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, కాకపోతే 'న్'తో. క్రియ వాక్యం చివరన వస్తుంది. మనం 'ఉంది' అన్నదానికి దీర్ఘం పెట్టి 'ఉందా' అంటే ప్రశ్న అయినట్టు, వాళ్ళు చివర 'క' చేరుస్తారు. 'అరిమస్' అంటే ఉంది. 'అరిమస్ క' అంటే ఉందా. ఎ, ఒ అనే అచ్చులకు హ్రస్వమూ దీర్ఘమూ రెండూ వాళ్ళకున్నాయి, మనకూ ఉన్నాయి. హిందీలో ఆ తేడా రాయడానికి వీలు లేదు. కనుక జపాను మాటలు రాసుకోవడానికి మన లిపే మేలు. ఆ హ్రస్వదీర్ఘాలు మాత్రం జాగ్రత్త. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో. 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. నడివయసు ఆవిడను పట్టుకుని దీర్ఘం లాగితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇంకొకటి. వాళ్ళ 'చు' మన చుక్కలో చు, చుట్టంలో చు. ఇంగ్లీషువాళ్ళు ఆ అక్షరం దగ్గర నానా తంటాలు పడతారు, మనకు చిన్నప్పటినుండీ నోట్లోనే ఉంది. ఇంగ్లీషు మాటకు చివర ఉకారం తగిలించడమూ అంతే. మనం బస్సు, జ్యూసు అంటాం, వాళ్ళు బసు, జూసు అంటారు. రసీదు 'రెషీతొ', కార్డు 'కాదొ', చెంచా 'సుపూన్'. ఓనో సుసుము అనే పండితుడు జపాను భాషకూ తమిళానికీ చుట్టరికం కలిపారు. తక్కిన పండితులు చాలామంది ఒప్పుకోలేదు. మన పని చుట్టరికం కాదు, పాలప్యాకెట్టు.

తలుపు తెరుచుకోగానే లోపలినుండి 'ఇరష్షాయ్‌మసె' అని కేక వినబడుతుంది. 'దయచేయండి' అని అర్థం. బదులు చెప్పనక్కరలేదు. మనవాళ్ళు మర్యాదకొద్దీ నిలబడి వంగి నమస్కారం పెడతారు. ఆ పిల్ల సరుకు సర్దుతూ వచ్చే పోయే ప్రతివాళ్ళకూ అదే మాట అంటూ ఉంటుంది. తల ఊపి లోపలికి నడవండి, చాలు.

కావలసిన వస్తువు కనబడకపోతే 'సుమిమసెన్' అని పిలవండి. 'ఏమండీ' అన్నదానికీ, 'క్షమించండి' అన్నదానికీ అదే మాట. ఆ తరువాత వస్తువు పేరు చెప్పి 'అరిమస్ క' అనండి. గ్యూన్యూ అంటే పాలు. మిజు నీళ్ళు, సతో పంచదార, షియొ ఉప్పు, తమగొ గుడ్డు. 'గ్యూన్యూ అరిమస్ క?' పాలున్నాయా? ఎక్కడ అని అడగడానికి 'దొకొ దెస్ క'. 'మిజు వ దొకొ దెస్ క?' నీళ్ళెక్కడ? వేలు చూపించి కొనేటప్పుడు 'కొరె, కుదసాయ్' అంటే 'ఇది ఇవ్వండి'. ధర అడగడానికి 'ఇకుర దెస్ క'. ధర అడగడం వరకే, బేరం లేదు. వాళ్ళు రాతలో 'దెసు', 'మసు' అని రాస్తారు గాని నోట్లో చివరి ఉకారం మింగేస్తారు.

కౌంటరు దగ్గర అసలు పరీక్ష. ఆ అబ్బాయి గుక్క తిప్పుకోకుండా అతి మర్యాద భాషలో ఏదో అడుగుతాడు. మనకు చెమట పడుతుంది. నేను వారం రోజులు వెనక నిలబడి విన్నాను. అతను అడిగేవి నాలుగో అయిదో ప్రశ్నలు, రోజూ అవే. మన ఆర్టీసీ కండక్టరు ఏమడుగుతాడు? ఎక్కడికి, ఎన్ని టిక్కెట్లు, చిల్లరుందా. ఇంజను మోతలో సగం మాట వినబడకపోయినా మనం జవాబు చెప్పడం లేదూ? ఇదీ అంతే. మొత్తం వాక్యం అర్థం కానక్కరలేదు, ఒక్క మాట చెవిలో పడితే చాలు.

'ఫుకురొ' అని వినబడితే సంచీ కావాలా అని. 2020 జూలై 1 నుండి అక్కడ ప్లాస్టిక్ సంచీలకు డబ్బు తీసుకోవాలని నియమం వచ్చింది. కొద్ది యెన్‌లే గాని, మనం ఇంటినుండి గుడ్డసంచీ తీసుకెళ్ళే అలవాటున్న వాళ్ళం గదా. 'అతతమె' అని వినబడితే వేడి చేయమంటారా అని. అన్నం డబ్బా కొంటే ఇది తప్పకుండా అడుగుతారు. 'హషి' అంటే పుల్లలు. చెంచా కావాలంటే 'సుపూన్' అనండి. 'పొయింతొ' అంటే పాయింట్ల కార్డు ఉందా అని. 'రెషీతొ' సంగతి చెప్పాను.

అన్నిటికీ జవాబులు రెండే. కావాలంటే 'హాయ్, ఒనెగాయ్ షిమస్'. ఈ 'హాయ్' మన మనవలు చెప్పే హాయ్ కాదు, అవును అని. వద్దంటే 'దాయ్‌జోబు దెస్', అంటే 'ఫరవాలేదు, అక్కరలేదు'. ఈ మాట రెండు వైపులా అర్థమిచ్చేది గనుక కాస్త చెయ్యి అడ్డంగా ఊపండి. ఇంకా స్పష్టంగా కావాలంటే 'కెక్కో దెస్'. 'ఈయె' అంటే కాదు, లేదు అని. దాన్ని ఒంటరిగా అంటే కొంచెం కటువుగా ఉంటుంది.

ఇటీవల చాలా కొట్లలో డబ్బు చేతికివ్వరు. అతను సరుకు లెక్క వేశాక, మనమే తెర మీద బొమ్మ నొక్కి యంత్రంలో నోటు పెట్టాలి. చిల్లర అదే ఇస్తుంది. చిల్లరను 'ఒచురి' అంటారు, చుక్కలో చు. నగదు అయితే 'గెంకిన్'. పాత పద్ధతి కొట్టయితే కౌంటరు మీద చిన్న పళ్ళెం ఉంటుంది. డబ్బు చేతిలో కాకుండా ఆ పళ్ళెంలో పెట్టాలి. నాణేలలో అయిదు యెన్‌లకూ యాభై యెన్‌లకూ మధ్య చిల్లు ఉంటుంది. అయిదు యెన్‌ల నాణెం మీద మనకు తెలిసిన అంకె ఉండదు, వాళ్ళ అక్షరంలోనే రాసి ఉంటుంది. పసుపురంగు, చిల్లు, అంకె లేదు అంటే అయిదు అని గుర్తు. 2024 జూలై 3న కొత్త నోట్లు వచ్చాయి. పాతవీ చెల్లుతాయి, కనుక ఒకే విలువకు రెండు రకాల నోట్లు చేతికి వస్తే కంగారు పడకండి.

అంకెలు: ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. ఇవి పది. వంద హ్యకు, వెయ్యి సెన్. పదివేలకు వాళ్ళకు వేరే మాట ఉంది, 'మన్'. మనం లక్షల్లో లెక్క పెట్టినట్టు వాళ్ళు పదివేలల్లో లెక్క పెడతారు. జూమన్ అంటే పది పదివేలు, మన లక్ష. ఎకౌంట్సులో పని చేసినవారికి ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది.

ధరల చీటీ మీద రెండు ధరలుంటే పెద్ద అక్షరాలది పన్ను లేనిది, చిన్న అక్షరాలది పన్నుతో కలిపినది. వ్యాపారి ఎక్కడైనా వ్యాపారే. 2019 అక్టోబరు 1న వినియోగ పన్నులో రెండు రేట్లు వచ్చాయి. ఇంటికి తీసుకెళ్ళే తిండికి 8 శాతం, కొట్టులోనే కూర్చుని తింటే 10 శాతం. అందుకే ఎక్కడ తింటారని ఒక్కొక్కప్పుడు అడుగుతారు. 'మొచికయెరి' అంటే ఇంటికి తీసుకెళతాం అని.

ఇప్పుడు అసలు సంగతి. మనలో శాకాహారులు చాలామంది ఉన్నారు. గుడ్డు తిననివారూ, ఉల్లి తిననివారూ ఉన్నారు. మన సభ్యులొకరి శ్రీమతిగారు అక్కడ నెల రోజులు రోజూ ఒక కాయగూరల చారు ఇష్టంగా తాగారు. పైన తేలేది ముల్లంగీ, సోయా పనీరూ. అందులో మాంసం లేదని కొడుకు స్నేహితుడెవరో చెప్పాడు. అబద్ధం కాదు, మాంసం లేదు. ఎండు చేప రజనుతో కాచిన నీళ్ళున్నాయి. తెలిసిన రోజున ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అరవై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్న నియమం అది. ఇది చిన్న విషయమని పిల్లలకు అనిపించవచ్చు.

కాబట్టి ఈ మాట గట్టిగా పట్టుకోండి: 'దషి'. చారుకు మూలమైన నీళ్ళు. దాన్ని ఎక్కువగా 'కచుఒబుషి' అనే ఎండబెట్టిన చేప రజనుతో చేస్తారు. సముద్రపు నాచు 'కొంబు'తో చేసేదీ ఉంది, కాని రెండూ కలిపి చేయడమే ఎక్కువ. అక్కడివారికి దషి మనకు పోపు లాంటిది. పోపు వేశారా అని మనం అడుగుతామా? అందుకే 'చేప ఉందా' అంటే లేదంటారు. మోసం కాదు, వాళ్ళ లెక్కలో చేప అంటే ముక్క.

అడగవలసిన వాక్యం ఇది: 'కొరె ని నికు గ హయిత్తె ఇమస్ క?' ఇందులో మాంసం ఉందా? నికు బదులు సకన అంటే చేప, తమగొ అంటే గుడ్డు, దషి అంటే దషి. జవాబులో చివర 'ఇమస్' వస్తే ఉంది, 'ఇమసెన్' వస్తే లేదు. ఆ చివరి 'సెన్' కోసం చెవులు రిక్కించండి. మన సంగతి మనం చెప్పుకోవడానికి: 'నికు తొ సకన గ తబెరరెమసెన్', మాంసమూ చేపా తినలేను. 'తినను' అనడం కంటే 'తినలేను' అంటే వాళ్ళు జాగ్రత్తగా చూస్తారు.

ఈ వాక్యం విలువ నాకు ఒక రాత్రి తెలిసింది. అమ్మాయికి నొప్పులు వచ్చి అల్లుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాలుగేళ్ళ మనవడు మాతో ఉన్నాడు. వాడికి గుడ్డు పడదు. ఒకసారి తిని ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక నానా హైరానా అయిందట. రాత్రి పదకొండింటికి లేచి ఆకలని ఏడుపు. మా ఆవిడ వండిన పులుసన్నం వాడికి సహించదు, రొట్టె కావాలి. కొంబినీకి వెళ్ళి, వాడు రోజూ చూసే గుండ్రటి తీపిరొట్టె తీసి కౌంటరు మీద పెట్టి, 'సుమిమసెన్, తమగొ హయిత్తె ఇమస్ క?' అన్నాను. ఆ కుర్రవాడు ప్యాకెట్టు తిప్పి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చదివి, 'హయిత్తె ఇమస్' అన్నాడు. వెంటనే తనే బయటికి వచ్చి, మామూలు ముక్కల రొట్టె తీసి దాని వెనకా చదివి, 'హయిత్తె ఇమసెన్' అని నా చేతిలో పెట్టాడు. చొక్కా మీది పేరును బట్టి అతను నేపాలు విద్యార్థి. అక్కడి కొట్లలో నేపాలు పిల్లలూ వియత్నాం పిల్లలూ చాలామంది పని చేస్తారు. తరువాత మేమిద్దరం వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. ఆ రాత్రికి మాత్రం పని చేసింది ఆ నాలుగు జపాను మాటలే. తెల్లవారాక మనవరాలు పుట్టిందని ఫోను వచ్చింది.

ప్యాకెట్టు వెనక చీటీ గురించి కొంచెం చెప్పాలి. పదార్థాలను ఎక్కువ బరువున్నది ముందుగా వరసగా రాస్తారు. గీత తరువాత వచ్చేవి రంగులూ నిలవ మందులూ. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, వేరుశనగ వంటివి ఉంటే చట్టప్రకారం రాయాలి. అవి పడనివారికోసం పెట్టిన చట్టం అది, శాకాహారులకోసం కాదు. గొడ్డు మాంసం, పంది మాంసం, జెలటిన్ రాయమని సలహా మాత్రమే. దషికి వేసే చేప ఆ జాబితాలోనే లేదు. కనుక పైన పట్టికలో ఏ గుర్తూ లేదని నమ్మి తినకండి, పదార్థాల వరస చదివించుకోండి.

అక్షరాలు పోల్చుకోవడంలో ఒక చిక్కు ఉంది. ఆవుకు ఒక అక్షరం. పాలు గ్యూన్యూ, గొడ్డు మాంసం గ్యూనికు. రెండింటిలోనూ మొదటి అక్షరం అదే. పాలడబ్బా మీద ఆ అక్షరం నేర్చుకున్నామని మరొక ప్యాకెట్టు మీద చూసి పాల సరుకే అనుకుంటే ముప్పు. రెండో అక్షరమూ చూడాలి. గుడ్డుకు రెండు రకాల రాత ఉంది. పదార్థాల వరసలో ఒకటి ఉంటే, వంటకం పేరులో మరొకటి ఉండవచ్చు. పిల్లలచేత నికు, సకన, తమగొ, ఆవు, పంది, కోడి అక్షరాలు ఒక అట్టముక్క మీద పెద్దవిగా రాయించుకుని జేబులో పెట్టుకోండి. నేను అలాగే చేశాను.

మనం తినదగినవి లేకపోలేదు. అరటిపళ్ళు ఒక్కొక్కటిగా అమ్ముతారు. పాలు, పెరుగు (కొన్నిటిలో జెలటిన్ కలుపుతారు, చూడాలి), తోఫు, చలికాలంలో కాల్చిన చిలగడదుంప 'యకిఇమొ', సాదా అన్నం డబ్బాలు. అన్నం ముద్దలు 'ఒనిగిరి' నాచులో చుట్టి అమ్ముతారు. ఉమెబొషి అంటే ఉప్పులో ఊరవేసిన పుల్లటి పండు, మన ఉసిరికాయ ఊరగాయ తిన్నట్టే ఉంటుంది. షకె అంటే చేప. ఒకక అంటే ఆ చేప రజనే. ఉమెబొషిలోనూ ఒక్కో సంస్థ రుచికోసం చేపసారం కలుపుతుంది, అడగడం మానకండి. వేడి గాజుపెట్టెలోని తెల్లటి ఆవిరి కుడుములు చూసి మురిసిపోవద్దు. నికుమన్‌లో మాంసం. అంమన్‌లో తీపి పూర్ణమే గాని, కొన్నిటిలో పంది కొవ్వు వేస్తారు. కూర రొట్టె 'కరేపన్' పేరు మనదిలా ఉంటుంది, లోపల మాంసం ఉంటుంది.

పళ్ళరసం కొనేటప్పుడు ఇంకొక జాగ్రత్త. నిమ్మకాయ, ద్రాక్ష బొమ్మలతో ముచ్చటైన డబ్బాలుంటాయి. వాటిలో చాలా వాటిలో మద్యం ఉంటుంది. 'ఒసకె' అంటే మద్యం. 'ఒసకె దెస్ క?' అని అడిగితే సరి. అడగడం మరిచినా కౌంటరు దగ్గర ఒక గుర్తు ఉంది. మీకు ఇరవై ఏళ్ళు నిండాయా, అవునని నొక్కండి అని తెర మీద వస్తుంది. డెబ్బై ఏళ్ళవాణ్ణి పట్టుకుని ఇదేమిటని నవ్వుకుని నొక్కేయకండి. ఆ ప్రశ్న వచ్చిందంటే చేతిలో ఉన్నది పళ్ళరసం కాదు.

తేదీలు వాళ్ళు సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తారు. 27.3.5 అంటే 2027 మార్చి 5. మనలాగా రోజుతో మొదలుపెట్టి చదివితే ఎప్పుడో చెల్లిపోయిన సరుకనిపిస్తుంది. 'షోహి కిగెన్' అంటే ఆ తేదీ దాటితే తినకూడదు. 'షోమి కిగెన్' అంటే ఆ తేదీదాకా రుచి బాగుంటుందని.

మూత్రవిసర్జన ఇబ్బంది ఉన్నవారు, మన వయసులో ఎవరికి లేదు గనుక, ఇది రాసుకోండి: 'తొయిరె కరితె మొ ఈ దెస్ క?' మరుగుదొడ్డి అరువిస్తారా అని మాటకు మాట అర్థం. చాలా కొట్లలో ఉంటుంది, అడిగి వాడుకోవడం మర్యాద. వచ్చేటప్పుడు ఏదైనా చిన్న వస్తువు కొంటే బాగుంటుంది.

దారి తప్పితే పిల్లల ఇంటి చిరునామా జపాను అక్షరాలలో రాసిన చీటీ చూపించి 'దొకొ దెస్ క' అనండి. పోలీసు చౌకీని 'కోబన్' అంటారు. అక్కడా సాయం చేస్తారు. ఒంట్లో బాగాలేకపోతే 'క్యూక్యూష, ఒనెగాయ్ షిమస్', అంబులెన్సు పిలవండి అని. ఫోను నంబరు 119. పోలీసులకు 110. మన 108 అక్కడ పని చేయదు. మందులు కొంబినీలో అన్నీ దొరకవు. మందుల కొట్టును 'యక్క్యొకు' అంటారు. బీపీకీ షుగరుకూ మాత్రలు ఇక్కడినుండే తీసుకెళ్ళండి, డాక్టరు చీటీతో సహా.

బయటికి వచ్చేటప్పుడు వాళ్ళు 'అరిగతో గొజాయ్‌మస్' అంటారు, కృతజ్ఞతలు అని. మీరూ అదే మాట అనవచ్చు.

ఈ మాటలన్నీ ఒక కాగితం మీద టైపు చేయించి కాపీలు తీయించాను. సంఘం ఆఫీసులో బీరువా పక్క బల్ల మీద ఉన్నాయి. అక్షరాల అట్టముక్క నకలు కూడా అందులో జతపరిచాను. రాబోయే నెలల్లో ప్రయాణం ఉన్నవారు ముందుగా తీసుకోండి. కళ్ళజోడు మార్చుకోవలసినవారికోసం రెండు కాపీలు పెద్ద అక్షరాలతో తీయించాను, అవి అడిగి తీసుకోవాలి.